జానకీబాయి ఫీజు

“ఇటుకలు వండుకొని తింటున్నరా పిల్లా?”

జానకీబాయి నడుం మీద చెయ్యి పెట్టుకొని మంచం కిందికి వంగి చూసింది. అక్కడ కరెంటు హీటరు ఎర్రగా కాలుతోంది. దాని మీద అన్నం గిన్నె లేదు, కూర గిన్నె లేదు. రెండు ఇటుకలున్నాయి.

ఇరవై రోజుల పసిబిడ్డను గుండెకు హత్తుకొని రిబ్కమ్మ గోడకు ఆనుకుంది. “తినేటందుకు కాదమ్మా, పిల్ల కోసం. నెల తక్కువ పుట్టింది, సల్లవడనియ్యద్దని దవాఖాన్ల సిస్టరమ్మ చెప్పింది. వేడి ఇటుకలు గోనెసంచిల చుట్టి అటొకటి ఇటొకటి పెడితే పొద్దుగాలదాంక వెచ్చగుంటది.”

“పిల్ల వెచ్చగుంటది. మీటరు గిరగిర తిరుగుతది. నీ ముప్పై రూపాయలు అయిపోయినయ్.”

జానకీబాయి ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. వాళ్ల గదికి వేరే చిన్న మీటరు. ఒకటో తారీఖున కరెంటు కోసం ముప్పై రూపాయలు ముందే ఆమె చేతిలో పెట్టాలి. అంతకు సరిపడా మీటరు తిరిగిందా, ఆమె స్టూలెక్కి బోర్డులోంచి తెల్ల పింగాణీ ఫీజు పీకేస్తుంది. మళ్లీ పైసలిచ్చేదాకా గదిలో చీకటే. ఈ డిసెంబరులో పన్నెండో తారీఖుకే స్టూలు ఎక్కింది.

హీటరు తీగ ఎరుపు తగ్గి నల్లబడింది. రిబ్కమ్మ పిల్లకు కొంగు చుట్టింది.

“జర ఆగుండ్రమ్మా. శనివారం మా ఆయనకు జిన్నింగు మిల్లుల పగార్ వస్తది. ఇచ్చేస్తం. అప్పటిదాంక గీ సలికి పిల్ల ఎట్ల బతుకుతది?”

జానకీబాయి వినపడనట్టే ఫీజును కొంగున ముడేసుకుంది. గడప దాటబోయి ఆగింది.

“పద్ధతి పద్ధతే. గని పసిదాని ఉసురు నాకెందుకు? గా హీటరు, ఇటుకలు పట్టుకొని నా అర్రలకు రా. ఇద్దరు ఆడనే పండుండ్రి.”

“మరి మీ మీటరు తిరుగదా అమ్మా?”

“నా మీటరు, నా ఇష్టం. నువ్వెవ్వరు అడుగనీకి?”

ఆమె గదిలో దూలానికి పాత కొయ్య తొట్టెల వేలాడుతోంది. దుమ్ము తుడిచి ఉంది. తాడు మాత్రం కొత్తది. ఆ సాయంత్రం జానకీబాయి నల్లగుడ్డ మూట ఒకటి తెచ్చి తొట్టెల తాడుకు కట్టింది.

“దిష్టి మూట. ఎల్లిగడ్డ, వసకొమ్ము, ఇనుపముక్క ఉన్నయి. విప్పితే గుణం పోతది, ముట్టుకోకుండ్రి.”

“మేం ప్రార్థన చేసుకునేటోళ్లం అమ్మా. గిసువంటివి కట్టుకోం,” అంది రిబ్కమ్మ మెల్లగా.

“నీ ప్రార్థన నువ్వు చేసుకో. మూట పని మూట చేసుకుంటది.”

శనివారం రిబ్కమ్మ భర్త తోమాసు పగారు పైసలు తెచ్చి జానకీబాయి ముందు పెట్టాడు. ఆమె కొంగు తడుముకుంది, సందూక వెతికింది, బియ్యం డబ్బా మూత తీసి చూసింది.

“అగ బాయీ! ఫీజు యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు. దొరికినంక పైసలు తీసుకుంట తియ్.”

“బజార్ల కొత్త ఫీజు తెస్తనమ్మా.”

“గీ పాత బోర్డుకు కొత్తది కూసోదు. షాకు కొడ్తది. నా మాటిను తోమాసూ.”

ఒక వారం పోయింది. రెండు వారాలు పోయాయి. ఫీజు దొరకలేదు. జానకీబాయి పిల్లకు నూనె రాసేది, సాంబ్రాణి పొగ వేసేది, ఇటుకలు తానే మార్చేది. పిల్ల ఆవులిస్తే, నా దిక్కు చూసి నవ్విందని వాడకట్టంతా చెప్పుకొచ్చేది. పిల్ల బుగ్గలు నిండాయి. తోమాసు మాత్రం చిక్కాడు.

“నా పెండ్లాం, బిడ్డ బాయి అర్రల. నేను కందిలితోని కాపురం చేస్తున్న,” అన్నాడు ఒకరోజు రిబ్కమ్మతో. “ఇగ నాతోని కాదు. మిల్లు పక్కన గది చూసిన. ఆదివారం పోదాం.”

ఆ మాట రిబ్కమ్మే వెళ్లి చెప్పింది. జానకీబాయి “మంచిది” అని ఊరుకుంది. ఆ రోజు పిల్లకు రెండుసార్లు కాటుక పెట్టింది.

ఆదివారం పొద్దున సామాను మూటలు గడప దగ్గరికి చేరాయి. జానకీబాయి వంటింట్లోకి పోయి ఇవతలికి రాలేదు. పిల్లకు పాత చీర ముక్కలు మడతపెడుతున్నానంది గానీ, మడత పెట్టిందే మళ్లీ విప్పుతున్న చప్పుడు వినపడుతోంది.

రిబ్కమ్మ తొట్టెల్లోంచి పిల్లను ఎత్తుకుంటుంటే మోచెయ్యి దిష్టి మూటకు తగిలింది. ముడి ఊడి, మూటలోది ఆమె కొంగు మీద పడి, అక్కడి నుంచి నేల మీద టక్కున పడింది. రిబ్కమ్మ వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది.

“రిబ్కా, రిక్షా వచ్చింది! తొందరగ రా,” బయటి నుంచి తోమాసు కేకేశాడు.

“ఏం పడ్డది బిడ్డా?” చీర ముక్కల చప్పుడు ఆపి, వంటింట్లోంచి జానకీబాయి అడిగింది.

“ఏం లేదమ్మా. మూట ముడి జర వదులైంది. గట్టిగ కడుతున్న,” అంది రిబ్కమ్మ. తర్వాత వాకిలి వైపు తిరిగింది. “రిక్షాను పొమ్మనయ్యా. మనం యాడికి పోతలేం.”

అని, ఎల్లిగడ్డా వసకొమ్మూ లేని ఆ నల్లగుడ్డలో తెల్ల పింగాణీ ఫీజును మళ్లీ పెట్టి, రెండు ముళ్లేసి తొట్టెలకు కట్టింది.