అర్జంటు చమురు

“కొట్టు భాయ్, ఇంకొక్క కిక్కు!” అన్నాడు మెకానిక్ జాన్ సాహెబ్.

భద్రయ్య కొట్టాడు. బండి కిక్కురుమనలేదు.

మెట్టుగూడలో డిసెంబరు చలి. పోలీసు చర్యతో నిజాం పాలన పోయి మూడు నెలలయింది. దఫ్తరులో కుర్చీలెక్కిన కొత్త సాహెబులు, ఎవరి చేతిలో పని మిగిలి ఉంటే వాళ్ళను సోమవారం ఇంటికి పంపేస్తారట. సర్కారు మోటార్ సైకిల్ సవారు భద్రయ్య చేతిలో మిగిలింది ఒక్కటే: బండి మొదటిసారి మొరాయించిన నాటి నుంచీ సంచిలోనే ఉన్న, లక్క ముద్ర వేసిన కవరు. మీద ఎర్రసిరాతో ‘అర్జంటు’ అని ఉంది. అది బోయిన్‌పల్లి ఫౌజు డిపోలో ఇచ్చి, పుస్తకంలో సంతకం తేవాలి. ఇవాళ ఆదివారం.

“గిట్ల సతాయిస్తదేంది జాన్ సాబ్?”

“ఏంజెయ్యాలె? వానల మాగ్నెటోకు జలుబు చేసె. దసరాకు చైను తెగె. ఇప్పుడు నూనెకు సర్ది. గాలితోని సల్లబడే ఇంజన్ గిది. ఈ చలిల యాభై నంబరు నూనె గడ్డపెరుగైతది. ముప్పై నంబరుది పోద్దాం, పలచగుంటది.”

“పలచటిది నడిమిట్ల వేడెక్కి నీళ్ళయితే? ఇంజన్ పట్టేస్తే నా పరువే పలచనైతది!”

“మరి చిక్కటిదే ఉండనియ్యాల్నా?”

“చిక్కంత దాంతోనే గద!”

చాయ్ తెచ్చిన కమలాబాయి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. “నాలుగు మైళ్ళకు ఇంత పరేషానా? నడిసి పోరాదూ?”

భద్రయ్య ఆముదం తాగినవాడిలా మొహం పెట్టాడు. “నేను మోటార్ సవార్‌ను. నడిసిపోయి ఇస్తే రేపట్నించి కాలి జవాన్లల్ల ఏస్తరు, జీతం సగమైతది. రూలు తెలుసా నీకు?”

“రూలు తెల్వది. నా కంబళి బండికి కప్పినవ్, గది తెలుసు. వణికి సచ్చిన.”

“బండి వణకలే గద, వదినా!” అని ఓదార్చాడు జాన్ సాహెబ్.

వాదన తెగలేదు. చివరికి ఒక రేకును వాలుగా నిలబెట్టి, రెండు నూనెల నుంచీ ఒక్కో చుక్క వేసి పందెం పెట్టారు. గల్లీ అంతా మూగింది. పక్కింటి ఫకీర్ ముప్పై వైపు. పాలమ్మే ఎల్లమ్మ యాభై వైపు.

“ఉరుకు బిడ్డా, ఉరుకు!” అని ఎల్లమ్మ తన చుక్కను అదిలించింది.

ముప్పై నంబరు చుక్క సర్రున జారి మట్టిలో కలిసింది. యాభై నంబరుది మాత్రం సర్కారు ఫైలులా ఉన్నచోటే కూర్చుంది.

“ఓడిపోయినవ్ ఎల్లమ్మా!” అన్నాడు ఫకీర్.

“నాది ఓడలే. షురూనే చెయ్యలే!”

జాన్ సాహెబ్ పాత నూనె వంచేసి ముప్పై నంబరు పోశాడు. “ఎండ ముదరకముందే చేరిపో. తక్లీఫ్ ఉండది.”

రెండో కిక్కుకు ఫటఫటమంది బండి. గల్లీ చప్పట్లు కొట్టింది. కమలాబాయి గబగబా తన కంబళి తాను కప్పుకుంది.

డిపోలో భద్రయ్యకు ఎదురైనవాడు, సెప్టెంబరులో సైన్యంతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన గుంటూరు హవల్దారు సామ్యూల్.

“ఆదివారం పూట కూడా డ్యూటీయేనాండీ?”

“అర్జంటు సాబ్. జెర సంతకం చెయ్యుండ్రి.”

సామ్యూల్ సంతకం చేశాడు. భద్రయ్య పుస్తకాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. నౌకరీ నిలిచింది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఒళ్ళు వెచ్చబడింది.

“ఇంత చలిలో పంపారంటే పెద్ద కబురే అయ్యుంటుంది,” అంటూ సామ్యూల్ లక్క ముద్ర పగలగొట్టి, లోపలున్న ఒకే ఒక్క వాక్యాన్ని పైకి చదివాడు.

“భారత సైన్యం సరిహద్దు దాటింది, వెంటనే సిద్ధం కండి.”