పేరు చెప్పని చేతులు

"పదింటికి చివరి గది పెద్దావిడ కళ్ళ కట్లు విప్పాలి. ముందు ఇది చెప్పు, ఆవిడ కూతుర్ని లోపలికి రానిచ్చిందెవరు?" పెద్ద సిస్టర్ కళ్ళజోడు మీదుగా చూస్తూ నిలదీసింది.

చర్మవ్యాధుల వార్డులో ఆ చివరి గదికి చుట్టాల్ని రానివ్వరు. కొత్తగా చేరిన నర్సు చేతిలోని మందు ట్రేని బల్ల మీద పెట్టింది.

"ఎవరూ రాలేదు సిస్టర్."

"మరి ఆవిడ రోజూ డాక్టరుగారికి చెబుతోందట! 'మా అమ్మలు వచ్చి మందు రాస్తోంది, అందుకే మంట తగ్గింది' అని. ఆకాశంలోంచి ఊడిపడిందా ఆ అమ్మలు?"

నర్సు తల వంచుకుంది. "నేనే సిస్టర్."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసేసింది.

కళ్ళు కట్టి ఉన్న మనిషి దగ్గరికి వెళ్తే ముందు పేరు చెప్పాలి, తర్వాత ఏం చేయబోతున్నారో చెప్పాలి, ఆపైనే చెయ్యి వేయాలి. వార్డులో చేరిన ప్రతివాళ్ళకూ పెద్ద సిస్టర్ నేర్పే మొదటి పాఠం అదే.

"తొమ్మిది రోజుల కిందట మీరూ చూశారుగా సిస్టర్. ఏదో మాత్ర పడక ఒళ్ళంతా చర్మం లేచిపోయింది, కళ్ళు కూడా పుండ్లయ్యాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చచ్చినా సరే మందు వద్దంది. నేను వెళ్ళి పేరు చెప్పబోతుంటే 'అమ్మలూ, వచ్చావా?' అంది. 'వచ్చానమ్మా' అనేశాను. వెంటనే చెయ్యి చాపింది."

"ఒక పూటంటే సరే. తొమ్మిది రోజులా?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను..."

"ఇప్పుడు నీ మొహం చూసి మోసపోయానని ఆవిడ మళ్ళీ మొండికేస్తే? వీపు ఇంకా పచ్చిగానే ఉంది. చీము పట్టిందంటే మనిషి దక్కదు." పెద్ద సిస్టర్ గొంతు తగ్గించింది. "వెళ్ళు. కట్లు నువ్వే విప్పు. నిజం కూడా నువ్వే చెప్పు."

ఆ గదిలో అడుగుపెడితే ఎవరికైనా గడియారం సంగతి గుర్తుండదు. చర్మం లేని ఒంటికి చలి తట్టుకునే శక్తి ఉండదని గదిని ఎప్పుడూ వెచ్చగా ఉంచుతారు. తెల్లటి కర్టెన్లు, తెల్లటి దుప్పటి, మూలనున్న యంత్రంలోంచి మెల్లగా లేచే ఆవిరి. ఎండ కూడా అక్కడికి వచ్చేసరికి పాలలా చిక్కబడుతుంది. ఆ తెలుపు నడుమ పెద్దావిడ గాలిపరుపు మీద వెల్లకిలా తేలుతున్నట్టు పడుకుని ఉంది.

"అమ్మలూ, వచ్చావా?"

"వచ్చానమ్మా." నిజం చెప్పాల్సిన నోరు పాత మాటే అనేసింది.

నర్సు గ్లౌజులు తొడుక్కుని, మందు అరచేతుల్లోకి తీసుకుని వెచ్చబడేదాకా ఆగింది. తర్వాత రుద్దకుండా, వెంట్రుకలు వాలిన దిక్కున, భుజం నుంచి మోచేతి దాకా మెల్లగా జార్చింది. పెద్దావిడ ఊపిరి నెమ్మదించింది. రోజూ ఈ వేళకే ఆమెకు కబుర్లు ఊరతాయి.

"ఎండలో నడిచేటప్పుడు నువ్వు నా నీడ దాటి అడుగు బయట పెట్టేదానివి కాదు. గుర్తుందా?"

"ఆఁ, గుర్తుందమ్మా."

"పసుపు గౌను కుట్టాను, జేబు మీద పిచ్చుకతో. అది ఉతకనిచ్చావా? పిచ్చుక తడిసిపోతుందని ఒకటే ఏడుపు!"

నర్సుకు నవ్వొచ్చింది. తొమ్మిది రోజులుగా వింటూంటే ఆ గౌను తను తొడుక్కున్నట్టే ఉంది. వేడి నేల మీద ఆ నీడ చల్లదనం తన పాదాలకే తగిలినట్టుంది. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇంకాసేపట్లో పోయే ఆ నీడ మాత్రం ఎక్కడా దొరకదు.

పది కొట్టింది.

ఉప్పునీటి చుక్కలతో కట్లు తడిపి, రెప్పలకు అంటిన గుడ్డను పోగు పోగుగా విడదీసింది. పెద్దావిడ రెప్పలు వణికాయి, మెల్లగా విచ్చుకున్నాయి. కాసేపు వెలుగును చూసింది. తర్వాత నర్సు మొహం చూసింది. అలా చూస్తూనే ఉంది.

"నన్ను క్షమించండమ్మా," నర్సు కట్ల గుడ్డ పక్కన పెట్టింది. "నేను మీ అమ్మల్ని కాను. ఇక్కడి నర్సుని. మిమ్మల్ని మోసం చేశాను. తిట్టండి, కొట్టండి, కానీ మందు మాత్రం మానకండి."

పెద్దావిడ మందు పూసిన తన చేతి వైపు చూసుకుంది.

"మీ అమ్మలు ఎక్కడుందో చెప్పండి. మిమ్మల్ని తెచ్చి చేర్చిన పొరుగింటాయన నంబరు తప్ప మా దగ్గర ఇంకేదీ లేదు. ఎంత దూరమైనా నేనే వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడైనా తీసుకొస్తాను."

పెద్దావిడ పచ్చి చేతిని మెల్లగా ఎత్తి, నర్సు చెంప మీది తడి తుడిచింది.

"నేను ఊళ్ళోవాళ్ళ పిల్లలకు గౌన్లు కుట్టే మనిషిని తల్లీ. ఆ పసుపు గౌను మాత్రం ఎవరూ కుట్టించుకున్నది కాదు, నేను ఊహించుకున్న పిల్ల కోసం కుట్టింది. నాకు కూతురే లేదు. ఆ రోజు ఇక చచ్చిపోతానేమోనని భయమేసి, ఎవరైనా పలుకుతారేమోనని ఉత్తినే పిలిచాను."

కళ్ళు మూసుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

"అమ్మలూ, వచ్చావా?"