ఎవరి మూర వాళ్లది

పెళ్లిచూపుల్లో కాబోయే అత్త ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది.

"పిల్ల మంచిగనే ఉన్నది. గని మావోని కన్న జానెడు పొడుగున్నది. పక్కపక్కన నిలవడితె మా రెంజల్ ఊరంత నవ్వుతది."

మల్లికార్జున్ తల దించుకున్నాడు. అంకిత మాత్రం దించుకోలేదు.

"జానెడంటె ఎవలి జాన అత్తమ్మా? నీదా, నాదా?"

కోటగిరి నుంచి వచ్చిన ఆడ చుట్టాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అంకిత ఇంట్లో ఉన్న బీడీల దారం తెచ్చింది. మల్లికార్జున్‌ను గోడకు ఆనించి, మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి తెంపింది. తన పొడవుకు ఇంకో దారం తెంపుకుంది.

"ఎవలి దారం వాళ్లు, ఎవలి మూరతోని వాళ్లు కొలుద్దాం."

అతని దారం అతని మూరతో నాలుగు మూరలు వచ్చింది. ఆమెది ఆమె మూరతో నాలుగే.

"సూడు అత్తమ్మా, ఇద్దరం నాలుగు మూరలే. ఎక్కువ లేదు, తక్కువ లేదు."

ఆవిడ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. "గీ నోరు మా ఇంట్లనే ఉండాలె" అంటూ అంకిత నుదుట బొట్టు పెట్టింది.

పాపం, కొత్త కదా, కాసేపు మాట్లాడుకోనిమ్మని పెద్దలు ఇద్దర్నీ పెరట్లోకి పంపి తలుపు దగ్గరగా వేశారు.

మల్లికార్జున్ గుసగుసగా అడిగాడు. "నిరుడు బోధన్ బస్టాండ్‌ల నన్ను కొలిస్తె మూడున్నరే అచ్చింది గద! గియ్యాల నాలుగెట్లయింది?"

"గప్పుడు నా పక్కన నిలవడనీకె సిగ్గువడి ముడుసుకున్నవ్" అంది అంకిత. "గియ్యాల సక్కగ నిలవడ్డవ్."