రబ్బరు చెప్పులకు ప్రవేశం లేదు

ఓడలో భోజనాల హాలు తలుపు దగ్గర ఒక పెద్దావిడను ఆపేశారు. బట్టలు శుభ్రంగా, ఇస్త్రీ చేసినవే. కాళ్లకు మాత్రం నీలం రబ్బరు చెప్పులు వేసుకొచ్చింది. అవైనా సరిపోయేవి కావు, మడమలు సగం బయటే ఉన్నాయి.

“సారీ మేడమ్, ఈ చెప్పులతో లోపలికి పంపకూడదు,” అంది తలుపు దగ్గరి అమ్మాయి. నల్ల కోటు, ఎత్తు మడమల బూట్లు, చెదరని నవ్వు.

“ఎవరు పెట్టారమ్మా ఈ రూలు?”

“కంపెనీ రూల్ మేడమ్.”

“మీ కంపెనీలో అన్నం కాళ్లతో తింటారా?”

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. లోపలి నుంచి మేనేజర్ ఇటే చూస్తున్నాడు. అమ్మాయి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకు మార్చుకుని, గొంతు తగ్గించింది.

“అమ్మా, నీకు దణ్ణం పెడతా, గదికి వెళ్లు. నా ఉద్యోగం పోతుంది.”

“నిన్న నీ కాళ్లు చూశానే. బొబ్బలు చితికి మేజోళ్లకు అతుక్కుపోయాయి. ఆ కాళ్లే పోతే ఇంకే ఉద్యోగం నిలబడి చేస్తావు?”

పెద్దావిడ చెప్పులు విడిచింది. వంగి, చేత్తో వాటిని కూతురి ముందు పెట్టింది. వట్టి కాళ్లతో లోపలికి నడిచి, మేనేజర్ ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

కూతురు బూట్లు విప్పి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. కొలిచి కొన్నట్టు సరిపోయాయి.

మేనేజర్ విసవిసా వచ్చాడు. “ఏమిటివి?”

“నా చెప్పులు సార్,” అని, క్యూలో తర్వాతి వాళ్లకు తలుపు తీసింది.