దోమజాలీ పంజరం

సైన్స్ ఫెయిర్ కోసం చైత్ర కిటికీల ఇనుప దోమజాలీలు ఊడదీసి, సిగ్నళ్లు చొరబడని పంజరం కట్టింది. ఫారడే చేసిన పాత ప్రయోగమే. మెదడును పరిశోధించేవాళ్లు ఇప్పటికీ ఇలాంటి గదుల్లోనే పనిచేస్తారని చార్టు మీద రాసింది.

“పనిచేస్తుందో లేదో చూద్దాం, నువ్వోసారి కూర్చోమ్మా.”

తల్లి ఇందుమతి చపాతీ పిండి చేతులతోనే లోపలికి దూరి, జాలీ తలుపు మూసుకుంది. ఆమె చెవిలోని చిప్పులో పగలూ రాత్రీ పనులు పురమాయించే ఆఫీసు గొంతు టక్కున ఆగిపోయింది.

“ఆగిపోయిందే చైత్రా! కాసేపు ఇందులోనే ఉంటానే.”

అంతలోనే గోడ మీది ఆఫీసు స్పీకర్ పలికింది. “ఇందుమతి గారు అందడం లేదు. ఎక్కడున్నారు?”

“బయటికెళ్లిందండీ,” అంది చైత్ర.

“మీ వీధి తలుపు తెరుచుకోలేదమ్మా,” అంది గోడ, మెత్తగా.

ఇందుమతి పంజరం తలుపును లోపలినుంచి రెండు చేతులా బిగించి పట్టుకుంది.