మూడుసార్లు అడిగారు

"నా పిల్లని నాతో అంపీండి బాబూ" అంది గున్నమ్మ.

"సంఘంలో ఆడవాళ్లు మాట్లాడకూడదు. కూర్చో" అన్నాడు పాస్టరు గంగరాజు.

అది 1944 మార్చి. గున్నమ్మ తెల్లవారకముందే రామతీర్థంలో బయలుదేరి, కూతురు ఉంటున్న ఊరి చర్చికి నడిచి వచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరు, ఇద్దరు సంఘ పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. తేల్చవలసింది ఒకటే: ఆమె కూతురు దాలమ్మ తల్లితో వెళ్లాలా, మొగుడితో వెళ్లాలా. మొగుడు జోగయ్య గోనె మిల్లులో పని చేస్తాడు. దాలమ్మ బల్ల ముందు నిలబడింది. గున్నమ్మ ఆమె వెనక, ఆడవాళ్ల చాప మీద కూర్చుంది.

"కొడతన్నావట?" అని జోగయ్యను అడిగాడు పెద్దల్లో ఒకడైన అప్పలస్వామి.

"కొట్టేనండి. అప్పుడు మాటకి మాట అనీది. రెండు నెల్లయి మారిపోనాదండి. ఎన్ని తిట్టినా మారు పలకదు."

"లోబడ్డం అంటే అదీ" అన్నాడు అప్పలస్వామి.

గున్నమ్మ లేచింది. "బాబూ, అది..."

"కూర్చోమన్నానా?" అన్నాడు గంగరాజు.

గున్నమ్మ కూర్చుంది. అతను బైబిలు తెరిచి, భార్య భర్తకు లోబడాలన్న వాక్యం చదివాడు. భర్త భార్యను ప్రేమించాలన్న వాక్యం ఆ కిందనే ఉంది. అక్కడికి రాకముందే పుస్తకం మూశాడు. దాలమ్మ వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసింది. ముందుకు చూడమని అప్పలస్వామి వేలు చూపించాడు. ఆమె ముందుకు తిరిగింది.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ సంగతైనా మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ అభ్యంతరం చెప్పకపోతే సమ్మతి అని రాస్తారు. గంగరాజు మినిట్సు పుస్తకం తెరిచి, తల వంచి తేదీ వేశాడు.

"దాలమ్మా, భర్తతో వెళ్లడానికి నీకేమైనా అభ్యంతరమా?" అని పుస్తకంలోకి చూస్తూనే అడిగాడు.

ఆమె పలకలేదు. అతను కలం సిరాలో ముంచి రెండోసారి అడిగాడు.

"సెప్పీవే, బయం నేదు" అన్నాడు అప్పలస్వామి, చుట్ట కోసం జేబులో వెతుక్కుంటూ.

చాప మీద గున్నమ్మ మళ్లీ నోరు తెరిచింది. పక్కనున్న పాస్టరు భార్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గంగరాజు మూడోసారి అడిగి, కాసేపు ఆగి, రాశాడు: "దాలమ్మ సమ్మతించినది." ముగ్గురూ సంతకాలు చేశారు.

జోగయ్య గుమ్మం దాటి వెనక్కి చూశాడు. "రాయే!"

దాలమ్మ కదల్లేదు. అతను ఇంకా గట్టిగా పిలిచాడు. ఆమె బల్ల మీది పుస్తకాన్నే చూస్తోంది.

"సూసారా?" అన్నాడు అప్పలస్వామి. "ఒప్పుకుని సంతకాల తడి ఆరనేదు. అప్పుడే ఎదురు తిరగతన్నాది."

గంగరాజు తలెత్తాడు. "ఏమ్మా, ఇప్పుడేగా ఒప్పుకున్నావు?"

అతని పెదవులు కదలడం దాలమ్మ చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆడు కొట్టిన కాడ్నించి నాకు రెండు సెవులూ ఇనపడవు బాబూ. నన్నడిగినప్పుడు సేత్తో సైగ సెయ్యండి, సెప్తాను."