సముద్రం దాటని రొయ్య

తోటపల్లి గూడూరు దాటాక వచ్చే ఆ ఊళ్ళోకి మధుబాబు కారు జెండా కట్టుకుని వచ్చింది. రొయ్యలు కొని అమెరికాకు పంపే కంపెనీలో అతను కొనుగోలు మేనేజరు. ధరలు కంఠతా వచ్చు. రొయ్యల గుంటలో మాత్రం ఏనాడూ కాలు పెట్టలేదు. బూట్లు పాడవుతాయి.

మేత గోడౌను ముందు రైతులను కూర్చోబెట్టాడు. అమెరికావాడు మన రొయ్య మీద పన్ను పెంచాడని, ఇది రొయ్య సంగతి కాదు, దేశం పరువు సంగతని అరగంట చెప్పాడు. గొంతు బొంగురుపోయింది. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పరువు కోసం కిలోకి డెబ్బై రూపాయలు తగ్గించుకోమన్నాడు. ఒప్పుకోనివాడు దేశద్రోహి అన్నాడు.

పిచ్చమ్మ లేచింది. ఒంటి మనిషి, ఒకటే గుంట. ఆమె నోటికి ఊళ్ళో కుక్కలు కూడా దారిస్తాయి.

"కంపెనీ ఎంత తగ్గించుకుంటాది అబ్బయ్యా?"

"కంపెనీ అంటే దేశమే కదమ్మా."

"మరి మేము?"

"మీరు దేశభక్తులు."

పిచ్చమ్మ వక్కాకు పక్కకు ఉమ్మింది.

"అట్టయితే డెబ్బై రూపాయల భక్తి ఏం చాలుద్ది సామీ? మనల్ని అవమానం చేసినోడి నోట్లో మన రొయ్య పెట్టేదేంది? ఒట్టేసి చెప్తుండా. నా గుంటలోంచి ఒక్క రొయ్య సముద్రం దాటదు."

తెల్లారేసరికి ఆమె గుంట గట్టు మీద జెండా లేచింది. దాన్ని దాటి వల వేసినవాడు దేశద్రోహి అని కింద అట్టముక్క. సాయంత్రానికి పక్కనున్న పెంచలకృష్ణ గట్టు మీద ఇంకొకటి. మూడోనాటికి ఊళ్ళో ముప్పై గుంటలకూ ముప్పై జెండాలు. శ్రీహరికోటలో లేచిన రాకెట్టుకు కూడా అవే కనపడ్డాయని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

మధుబాబుకు నిద్ర పట్టలేదు. రేవులో కంటైనరు కాచుకుని ఉంది. శనివారానికి అది నిండకపోతే తన ఉద్యోగం ఉండదు. జెండా పట్టుకున్నవాణ్ణి దేశద్రోహి అనడమెట్లాగో కంపెనీ అతనికి నేర్పలేదు.

పిచ్చమ్మ గుంట గట్టు మీదకు ఎక్కాడు. మేత బస్తాలు కుట్టు విప్పకుండా ఉన్నాయి. బ్లీచింగ్ వాసనకు ముక్కు మూసుకున్నాడు. రొయ్యలకు మేత ఎందుకు వెయ్యలేదని అడిగితే, దేశం కోసం ఉపవాసం ఉండాయంది. ఈ వాసనేమిటంటే, జెండా నిలబడే చోటు శుభ్రంగా ఉండొద్దా అంది. ముసలిదాన్ని అట్లాగే గుంటలోకి తొయ్యాలనిపించింది. జెండా అడ్డం.

"దేశభక్తి మరీ ఇంత పనికిరాదు పెద్దమ్మా" అన్నాడు, పళ్ళు బిగబట్టి.

"నువ్వు నేర్పిందే గదా అబ్బయ్యా. నీ అంత బాగా మాకు చెప్పినోళ్ళు లేరు."

అక్కడి నుంచే కంపెనీకి ఫోను చేశాడు. యజమాని ముందు మధుబాబును, తర్వాత రైతులను, ఆఖరికి దేశాన్ని తిట్టాడు. తిట్టి, పాత ధరే ఇమ్మన్నాడు.

పిచ్చమ్మ ఒకటే షరతు పెట్టింది. ముందు అందరి గుంటల్లో రొయ్యలూ పట్టాలి, ఎవరి డబ్బు వాళ్ళ చేతిలో పడాలి. తనది ఆఖరు.

శనివారం మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది గుంటలు ఖాళీ అయ్యాయి. ఐసు లారీ పిచ్చమ్మ గట్టు దగ్గర ఆగింది. మధుబాబు జెండాకు సెల్యూట్ కొట్టి, తీసి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు. కూలీలు వల దించి ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతున్నారు. ఊరంతా గట్టు మీదే ఉంది.

"ఎన్ని టన్నులు వస్తాయి పెద్దమ్మా?"

"మొదటి రోజే ఒట్టేసి చెప్పినానే సామీ, ఒక్కటి కూడా దాటదని."

ఆ గుంటలోని ఆఖరి రొయ్య తెల్లమచ్చ రోగం తగిలి, మధుబాబు తన కారుకు జెండా కట్టడానికి వారం ముందే చచ్చిపోయింది.